లెయోవిల్ బార్టన్ 1996: ఆగినవాళ్లకే దొరికే రుచి

వైన్ ఎంత పాతదైతే అంత గొప్పదని అనుకునేవాళ్లు ఇప్పటికీ బోలెడంతమంది ఉన్నారు. నిజానికి లోకంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం కొన్న ఒకటి రెండేళ్లలో తాగెయ్యడానికే. దాచిపెడితే బాగుపడటం అటుంచి, ఉన్న పండు రుచి కూడా పోయి పులుపు ఒక్కటే మిగిలి, చివరికి సింకులో పొయ్యాల్సి వస్తుంది. పాతికేళ్లు ఆగితే తప్ప అసలు రూపం బయటపెట్టని వైన్లు చాలా కొద్ది. వాటిలో నాకు బాగా ఇష్టమైనది, డబ్బున్నవాళ్ల కబుర్లలో మాత్రం అంతగా వినపడనిది, షాటో లెయోవిల్ బార్టన్ అనే ఫ్రెంచి ఎర్ర వైన్. ఈ మధ్య ఫ్రాన్స్‌లో, బోర్డోలో ఉండే ఒక మిత్రుడి ఇంట్లో దాని 1996 సీసా (అంటే ఆ ఏడాది కోసిన ద్రాక్షతో చేసినది) తాగాను. దాని గురించే ఈ పోస్టు. కాస్త పొడుగే, ముందే చెప్తున్నా.

ఈ వైన్ పుట్టే ఊరు ఎక్కడుందో ముందు చెప్పుకుందాం. బోర్డో నగరం నుంచి ఉత్తరంగా, జిరోండ్ నది సముద్రంలో కలవబోయే చోట ఎడమ గట్టు వెంబడి డీ2 అని ఒక రోడ్డు వెళ్తుంది. రెండు పక్కలా ద్రాక్షతోటలే, మధ్య మధ్యలో రాజభవనాల్లాంటి ఇళ్లు. మార్గో అనే ఊరు దాటి ఇంకా పైకి వెళ్తే సెయింట్ జూలియన్ వస్తుంది. అక్కడ రోడ్డు పక్కన నిలబెట్టిన ఒక పేద్ద వైన్ సీసా కనిపిస్తుంది. "పురాతనమూ ప్రసిద్ధమూ అయిన సెయింట్ జూలియన్ తోటల్లోకి వస్తున్నారు, నమస్కారం పెట్టండి" అన్న అర్థంలో ఒక బోర్డు కూడా ఉంది. కొంచెం అతిగానే అనిపిస్తుంది కానీ వాళ్ల ధీమాకి కారణం లేకపోలేదు. ఈ ఎడమ గట్టు ప్రాంతాన్ని మెడాక్ అంటారు, అందులో పేరున్న నాలుగు పెద్ద ఊళ్లలో ఇదే చిన్నది. ఫస్ట్ గ్రోత్, అంటే మొదటి తరగతి ఎస్టేటు, ఒక్కటి కూడా లేదు. అయినా 1855 వర్గీకరణలో చోటు దక్కిన ఎస్టేట్లు ఇక్కడే 11 ఉన్నాయి.

ఆ వర్గీకరణ కథ చాలామందికి తెలిసిందే. పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ ప్రభుత్వం బోర్డో వైన్లకి ఒక జాబితా కావాలని అడిగింది. అక్కడి దళారులు అప్పటికి చాలాకాలంగా ఏ తోట వైన్ ఎంత ధర పలుకుతోందో చూసి, ఐదు తరగతులుగా రాసిచ్చారు. అంటే అది రుచి చూసి వేసిన మార్కులు కాదు, మార్కెట్ ధరల పట్టిక. నూట డెబ్భై ఏళ్లు కావస్తున్నా అందులో చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే. 1973లో మూటాన్ రోత్‌షీల్డ్ అనే ఎస్టేటు రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కింది. లెయోవిల్ బార్టన్ రెండో తరగతి, ఇప్పటికీ అదే.

లెయోవిల్ అన్నది మొదట్లో ఒకే ఎస్టేటు, మెడాక్‌లో బాగా పెద్దవాటిలో ఒకటి. ఫ్రెంచి విప్లవం దాన్ని ముక్కలు చేసింది. యజమానుల్లో ఒకాయన, మార్కీ బిరుదున్న ప్రభువు, దేశం వదిలి పారిపోవడంతో ఆయన వాటా అమ్మకానికి వచ్చింది. అలా అలా చేతులు మారి చివరికి మూడు ఎస్టేట్లు తేలాయి: లెయోవిల్ లాస్ కాజ్, లెయోవిల్ పోఫెరే, లెయోవిల్ బార్టన్. మూడూ రెండో తరగతివే. లాస్ కాజ్ వాళ్లు మాదే అసలైన లెయోవిల్ అన్నట్టు ధర పెడతారు. వైన్ గొప్పదే, కాదనను. కానీ నా ఓటు బార్టన్‌కే.

ఎందుకంటే ఈ కుటుంబం కథ నాకు భలే నచ్చుతుంది. వీళ్లు ఫ్రెంచివాళ్లు కారు, ఐర్లాండ్ వాళ్లు. థామస్ బార్టన్ అనే ఆయన 18వ శతాబ్దం మొదట్లో బోర్డో వచ్చి 1725లో వైన్ వ్యాపారం పెట్టాడు. బాగా సంపాదించాడు, వాళ్ల వైపు జనం ఆయన్ని "ఫ్రెంచ్ టామ్" అని పిలిచేవాళ్లు. అంత డబ్బున్నా ఫ్రాన్స్‌లో తోట కొనలేదు. అప్పటి చట్టం ప్రకారం విదేశీయుడు చనిపోతే ఇక్కడున్న ఆస్తి రాజుగారి ఖజానాకి పోతుంది, పిల్లలకి రాదు. అందుకని భూములు ఐర్లాండ్‌లో కొన్నాడు, వ్యాపారం బోర్డోలో చేశాడు. ఆయన మనవడు హ్యూ బార్టన్ విప్లవం రోజుల్లో జైలుకి కూడా వెళ్లొచ్చి, ఐర్లాండ్‌కి మకాం మార్చేశాడు. బోర్డోలో పని ఆగకుండా చూసుకున్నది ఆయన భాగస్వామి డేనియల్ గెస్టియే. ఎక్కడో దూరాన ఉన్న మనిషి పేరు మీద అంత వ్యాపారం నడిపి, లెక్క తప్పకుండా అప్పజెప్పాడంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. బార్టన్ అండ్ గెస్టియే అన్న పేరు అలా పుట్టిందే. ఇప్పుడు ఆ కంపెనీ వేరే వాళ్లది, ఎస్టేటుకి దానికీ సంబంధం లేదు.

చట్టాలు మారాక హ్యూ బార్టన్ 1821లో సెయింట్ జూలియన్‌లో లాంగోవా అనే ఎస్టేటు, 1826లో లెయోవిల్‌లో సుమారు పావు వంతు కొన్నాడు. లెయోవిల్ ముక్కతో తోట వచ్చింది గానీ ఇల్లు రాలేదు, వైన్ చేసే గిడ్డంగి కూడా రాలేదు. దాంతో ఆ ద్రాక్ష కూడా తెచ్చి లాంగోవాలోనే వైన్ చెయ్యడం మొదలుపెట్టారు, ఇప్పటికీ అంతే. కాబట్టి లెయోవిల్ బార్టన్ పేరులో షాటో (అంటే పెద్ద భవంతి) ఉంది కానీ నేల మీద షాటో లేదు. లేబుల్ మీద కనిపించే అందమైన భవనం 1758 నాటి లాంగోవా ఇల్లే. తమాషా ఏంటంటే సొంత ఇల్లున్న లాంగోవాది మూడో తరగతి, ఇల్లు లేని లెయోవిల్‌ది రెండో తరగతి.

అప్పటి నుంచి ఇప్పటిదాకా అమ్మలేదు. మెడాక్‌లో ఇది నిజంగా అరుదు. 1855 జాబితాలోని ఎస్టేట్లు చాలానే బ్యాంకులకో, బీమా కంపెనీలకో, ఖరీదైన సంచులు అమ్మే కోటీశ్వరులకో పోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బోర్డోని ఆక్రమించుకున్నప్పుడు ఎస్టేటు రొనాల్డ్ బార్టన్ చేతిలో ఉండేది. ఆయన దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. శత్రుదేశస్థుడి ఆస్తి అని జర్మన్లు స్వాధీనం చేసుకోబోతే, వీళ్లు ఐరిష్‌వాళ్లు, ఐర్లాండ్ యుద్ధంలో ఎవరి పక్షానా లేదు అని వాదించి తోటని కాపాడింది మళ్లీ ఒక గెస్టియేనే. వంద ఏళ్లు దాటాక కూడా అదే ఇంటి మనిషి అడ్డం నిలబడటం, ఎవరైనా కథలో రాస్తే నమ్మం.

రొనాల్డ్ తర్వాత ఆయన సోదరుడి కొడుకు ఆంథనీ బార్టన్. 1951లో కుర్రాడిగా బోర్డో వచ్చాడు, పెద్దాయన పగ్గాలు వదిలి ఎస్టేటు ఈయనకి అప్పజెప్పేసరికి 1983 అయింది. మూడు దశాబ్దాలు! 2022లో పోయాడు, ఇప్పుడు కూతురు లిలియన్, ఆమె పిల్లలు చూసుకుంటున్నారు. ఆంథనీ గురించి బోర్డోలో ఎవర్ని అడిగినా మొదట చెప్పేది ధర సంగతే. అక్కడ వైన్ ఇంకా పీపాల్లో ఉండగానే, కోత అయిన మరుసటి వసంతంలో ధర ప్రకటించి అమ్మేస్తారు. దాన్ని ఆన్ ప్రిమ్యూర్ అంటారు. సీసాలు చేతికొచ్చేది ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో. సంవత్సరం బాగుందని పేరొస్తే చాలు, పక్కవాడు ఎంత పెంచాడో చూసి అంతకంటే ఒక యూరో ఎక్కువ పెట్టడం అక్కడి రివాజు. ఆంథనీ మాత్రం పెంచినా మితంగా పెంచేవాడు, మధ్యవర్తులకి, తాగేవాడికి కూడా ఏదో మిగలాలి అనేది ఆయన పద్ధతి. మంచితనమని నేను అనను. మామూలు సంవత్సరాల్లో కూడా పాత కొనుగోలుదారులు పారిపోకుండా ఉండాలంటే ఇంతకంటే తెలివైన వ్యాపారం లేదు.

ఇక వైన్ దగ్గరికొద్దాం. ఇది ఒకే రకం ద్రాక్షతో చేసేది కాదు, మూడు రకాల మేళవింపు. తోటలో సుమారు నాలుగింట మూడు వంతులు కాబెర్నే సావిన్యోన్, మిగతాదాంట్లో ఎక్కువ మెర్లో, కొంచెం కాబెర్నే ఫ్రాంక్. కాబెర్నే సావిన్యోన్ పండు చిన్నది, తొక్క మందం, గింజ పెద్దది. వగరంతా ఆ తొక్కలోనూ గింజలోనూ ఉంటుంది. పండటానికి చాలా ఆలస్యం చేస్తుంది. అదృష్టం కొద్దీ మెడాక్ నేల ఆ ఆలస్యానికి సరిపోతుంది: ఎప్పుడో లక్షల ఏళ్ల కింద నదులు పిరనీస్ కొండల నుంచి దొర్లించుకొచ్చిన గులకరాళ్ల గుట్టలు అవి. నీరు నిలవదు, పగటి వేడిని పట్టి ఉంచుతాయి, పక్కనే నది ఉండటంతో మంచు కూడా కాస్త తక్కువ. ఈ ప్రాంతంలో బురదనేలలు ఎక్కువగా ఉండేవి, 17వ శతాబ్దంలో డచ్చి ఇంజనీర్లు కాలవలు తవ్వి నీళ్లు బయటికి పంపాకే చాలా తోటలు లేచాయి.

మెర్లో ముందే పండుతుంది, మెత్తన, కండ ఎక్కువ. కాబెర్నే ఫ్రాంక్ వాసన కోసం. మూడు రకాలు ఎందుకు అంటే రుచి ఒక్కటే కారణం కాదు, అట్లాంటిక్ మీద నుంచి వచ్చే వాన భయం కూడా. ఒక రకం పూత దశలో పాడైనా, కోత ముందు తడిసినా ఇంకోటి ఆదుకుంటుంది. 1996 దీనికి మంచి ఉదాహరణ. ఆగస్టు చివర్లో వానలు పడ్డాయి, ముందుగా పండే మెర్లోకి అది అంత కలిసిరాలేదు. సెప్టెంబర్ మాత్రం పొడిగా, ఎండగా, రాత్రుళ్లు చల్లగా గడిచింది. ఆలస్యంగా పండే కాబెర్నేకి అంతకంటే ఏం కావాలి. అందుకే 1996 అంటే బోర్డోలోనే మెర్లో రాజ్యమేలే పోమెరోల్ అనే ప్రాంతం వైపు జనం అంత గొప్పగా చెప్పుకోరు, మెడాక్ వాళ్లు మాత్రం ఆ మాటెత్తితే మొహం వెలిగిపోతుంది.

తయారీలో వింతలేం లేవు. చెక్క తొట్లలో పులియబెడతారు, తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాదిన్నర దాకా ఉంచుతారు, పీపాల్లో సగం దాకా కొత్తవి. చివర్లో గుడ్డు తెల్లసొన వేసి తేరుస్తారు. తెల్లసొన మోటు వగరుని పట్టుకుని అడుక్కి దిగుతుంది. (మిగిలిపోయిన పచ్చసొనలతోనే బోర్డో ఫేమస్ కేకు కానెలే పుట్టిందని అక్కడ కథలు చెప్తారు. నిజమో కాదో గానీ కేకు మాత్రం అద్భుతం.) ఈ ఇంట్లో వైన్ చిన్నవయసులో తాగితే నోరంతా పట్టేస్తుంది, పాలు లేని చిక్కటి టీ డికాషన్ తాగినట్టు నాలుక పక్కలన్నీ బిగుసుకుపోతాయి. చాలా ఎస్టేట్లు గత ముప్పయ్యేళ్లలో తొందరగా తాగగలిగేలా మెత్తబరిచాయి. వీళ్లు ఆ దారిలో నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వెళ్లారు.

మరి ఆ వగరు ఏమవుతుంది? సీసాలో పడుకోబెట్టినప్పుడు లోపల జరిగేది ఇదీ. వగరునిచ్చే టానిన్లు, రంగునిచ్చే పదార్థాలు ఒకదాన్నొకటి పట్టుకుని పెద్ద పెద్ద గొలుసులు అవుతాయి. కొన్ని గొలుసులు బరువెక్కి మడ్డిగా అడుగున చేరతాయి. అందుకే పాత వైన్ రంగు పలచబడి, ఊదా పోయి అంచుల్లో ఇటుక రంగు వస్తుంది, నోట్లో పట్టు కూడా తగ్గుతుంది. బిరడా గుండా ఏళ్ల తరబడి అణువంత గాలి లోపలికి వెళ్తూ ఉంటుంది, వాసనలు కూడా మెల్లగా మారిపోతాయి. నల్ల ద్రాక్ష, బ్లాక్‌కరెంట్ (చిన్న నల్లటి పుల్లని పండు) లాంటి తాజా పండ్ల వాసనలు వెనక్కి తగ్గి దేవదారు చెక్క, పొగాకు, అప్పుడే చెక్కిన పెన్సిలు, తోలు, తడిసిన అడవి నేల ముందుకొస్తాయి. ఇదంతా సవ్యంగా జరగాలంటే 12, 13 డిగ్రీల చల్లదనం, కాస్త తేమ, చీకటి కావాలి. వంటింట్లో ఫ్రిజ్ మీద అలంకారంగా పెట్టిన సీసా ముప్పయ్యేళ్ల తర్వాత గొప్ప వైన్‌గా మారదు, ఉడికిపోతుంది. పాత సీసా కొనేటప్పుడు సంవత్సరం కంటే ముందు అడగాల్సింది అది ఎక్కడ పడుకుందని.

మిత్రుడి సీసా విషయంలో ఆ బెంగ లేదు. వాళ్ల నాన్నగారు విడుదలైనప్పుడే పెట్టె కొని ఇంటి కింద రాతి గదిలో పడేశారు, అప్పటి నుంచి అది కదల్లేదు. వైన్ మట్టం కూడా మెడ దగ్గరే ఉంది, అంటే బిరడా గట్టిగా పనిచేసిందన్నమాట. భుజం కిందికి దిగిన సీసాలు తక్కువ ధరకి వస్తున్నాయని ఆశపడి కొనకండి, లోపల గాలి చేరి ఉంటుంది. ముందు రోజే సీసాని నిలబెట్టాడు, మడ్డి అడుక్కి దిగాలని. బిరడా తీసేటప్పుడు నాకే టెన్షన్, సగం దాకా వచ్చి విరుగుతుందేమోనని. స్క్రూ లేకుండా రెండు సన్నటి రేకులు పక్కల్లోంచి దించి, తిప్పుతూ లాగే పరికరం వాడాడు. బిరడా ముక్కలు కాకుండా వచ్చేసింది. తర్వాత సీసా మెడ కింద వెలుగు పెట్టుకుని, ఆపకుండా ఒకే ధారగా గాజు కూజాలోకి వంచాడు. నల్లటి మడ్డి భుజం దగ్గరికి రాగానే ఆపేశాడు. అడుగున ఒక అరగ్లాసు వదిలెయ్యాల్సిందే. దానికోసం కక్కుర్తి పడితే మిగతాదంతా ఇసుక నములుతున్నట్టు ఉంటుంది.

మొదటి వాసన ఏం బాగోలేదు. మూసిన గది, తడి అట్టపెట్టె. బిరడా చెడిందా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, ఎందుకంటే చెడిన బిరడా వాసన కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. తేడా ఏంటంటే చెడిన బిరడా వాసన గాలి తగిలేకొద్దీ పెరుగుతుంది, సీసాలో మగ్గిన వాసన పోతుంది. ఇది పది నిమిషాల్లో పోయింది. ఆ తర్వాత వచ్చింది చూడండి, దేవదారు, చల్లటి పొగాకు, దాని వెనకాల ఎక్కడో ఇంకా సజీవంగా బ్లాక్‌కరెంట్. నోట్లో పెట్టుకుంటే బరువు లేదు, తీపి లేదు, ఈ రోజుల్లో వచ్చే వేడి సంవత్సరాల వైన్లలా ఆల్కహాల్ మంట అసలు లేదు. వగరు ఉంది, కానీ నోరు పట్టెయ్యదు, కూర్చోబెడుతుంది. పులుపు చురుగ్గా ఉంది, మింగాక కూడా రుచి చాలాసేపు పోలేదు. గంట తర్వాత ఇంకా బాగుంది. రెండు గంటల తర్వాత కొంచెం నీరసించింది, కాబట్టి ఇంత వయసున్నదాన్ని పొద్దున్నే కూజాలో పోసి సాయంత్రందాకా ఉంచమని ఎవరైనా చెప్తే వినకండి.

అందరికీ నచ్చిందని చెప్పను. టేబుల్ దగ్గర ఇంకొకాయన గ్లాసు సగంలో ఆపేసి, ఇందులో పండు ఏదీ, ఎండిపోయింది, నాకు 2016 పొయ్యండి అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. పాత వైన్ అంటే కుర్ర వైన్‌కి మెరుగైన రూపం కాదు, వేరే పదార్థం. పండు రసం రుచి కోసం తాగేవాళ్లు పదేళ్లలోపువి తాగడమే మంచిది, డబ్బూ మిగులుతుంది. నాకైతే ఎదుట పొగలు కక్కే గొర్రెమాంసం ఉండి, మాట్లాడటానికి మనుషులుండి, గ్లాసులో ఇరవై నిమిషాలకోసారి మారే వైన్ ఉంటే చాలు.

ధర విషయం. మంచి చోట పడుకున్న 1996 సీసా ఇప్పుడు ఫ్రాన్స్‌లో వంద యూరోలు దాటుతుంది. తక్కువేం కాదు. కానీ అదే రోడ్డు మీద కాసేపు ముందుకెళ్తే పోయాక్ అనే ఊళ్లో అదే సంవత్సరం ఫస్ట్ గ్రోత్‌కి దీనికి ఎన్నో రెట్లు అడుగుతారు, రుచి మాత్రం అన్ని రెట్లు ఉండదు, నాకెప్పుడూ అలా అనిపించలేదు. 2000 అంటే మూడు సున్నాలు చూసి జనం ఎగబడ్డారు, వైన్ గొప్పదే కానీ దానికి ఇంకా తొందరలేదు. 2005 కూడా గట్టి పిండం, దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. నన్నడిగితే వెతకాల్సింది 2001. రెండువేల సంవత్సరపు హడావిడి పక్కన పడి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ధర దిగే ఉంటుంది, ఇప్పుడు తాగడానికి సరిగ్గా సిద్ధంగా కూడా ఉంది.